ఆ గుండ్రాయిని పగలగొట్టకండి, ముందు తూచండి

సంపాదకులకు నమస్కారం.

మేముండే చందాపుర చుట్టుపక్కల కొత్త లేఅవుట్లు లేస్తున్నాయి. ఎటు చూసినా పునాది గుంతలే. స్కూలు లేనప్పుడు పిల్లలు ఆ మట్టికుప్పల మీద పడి రాళ్లు ఏరుతున్నారు. గుండ్రంగా కనిపించినదాన్నల్లా ఇంటికి తెచ్చి, సుత్తి దొరికితే సుత్తితో, లేకపోతే ఇంకో రాయితో బద్దలు కొడుతున్నారు. ఫోన్లో వాళ్లు చూసే వీడియోలు అలాంటివి. మట్టి కొట్టుకుపోయిన రాయిని ఎవరో రెండు చెక్కలు చేస్తారు, లోపల ఊదారంగు స్ఫటికాలు మెరుస్తుంటాయి. ఆ రాయిని జియోడ్ అంటారని ఆరో క్లాసు పిల్లలకు కూడా తెలిసిపోయింది. రాయి మీద పిల్లలకు ఇష్టం పుట్టడం నాకు చాలా సంతోషం. కానీ తెచ్చింది జియోడా కాదా అన్నది పగలగొట్టకుండానే చాలావరకు చెప్పొచ్చని వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు. అది చెప్పడానికే, దాంతోపాటు మీ పత్రికను ఒక సాయం అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది తాడిపత్రి. నాపరాళ్ల పాలిష్ మిషన్ల మోతలోనే పెరిగాను. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చాం. జిగణిలో ఒక గ్రానైట్ యార్డులో స్లాబులు చూసి, కొలిచి, గ్రేడు వేయడం నా పని. స్లాబును రూపాయి బిళ్లతో తట్టి, లోపల చీలిక ఉందో లేదో ఆ చప్పుడును బట్టి చెప్పాలి. ఇక్కడ రాస్తున్నవాటిలో కొన్ని పని నేర్పినవి, కొన్ని మా యార్డుకు వచ్చే జియాలజీవాళ్లను అడిగీ, చదివీ తెలుసుకున్నవి.

ముందు అడగాల్సింది రాయిని కాదు, అది దొరికిన నేలను. జియోడ్ తయారవ్వాలంటే మొదట ఒక ఖాళీ ఉండాలి. లావా భూమి పైకి వచ్చి చల్లారేటప్పుడు అందులోని వాయువులు బుడగలుగా చిక్కుకుపోతాయి. లావా గట్టిపడి రాయి అయ్యాక, ఏళ్ల తరబడి ఆ బుడగల్లోకి నీళ్లు ఊరుతూ వస్తాయి. ఆ నీళ్లలో కరిగి ఉన్న సిలికా (ఇసుకలో ఎక్కువగా ఉండే పదార్థం) బుడగ గోడకు లోపలివైపు పొర మీద పొరగా పేరుకుంటుంది. మొదట అగేటు అనే చారల రాయి పొరలు వస్తాయి. ఇంకా చోటుంటే ఆ చారల మీద నుంచి పలుగురాయి (క్వార్ట్జ్) స్ఫటికాలు మొనలు లోపలికి పెట్టి పెరుగుతాయి. మధ్యలో ఎంతో కొంత ఖాళీ మిగిలితేనే దాన్ని జియోడ్ అంటారు. పూర్తిగా నిండిపోతే అది గట్టి గడ్డ, నాడ్యూల్. చుట్టూ ఉన్న లావా రాయి ఎండకూ వానకూ మెత్తబడి మట్టి అయిపోయినా, ఈ సిలికా పెంకు చెక్కుచెదరదు. అందుకే గుండ్రంగా విడిపోయి పొలాల్లో, వాగుల్లో దొరుకుతుంది. సున్నపురాతి పొరల్లో ఉండే ఖాళీల్లో కూడా జియోడ్లు తయారవుతాయి. అమెరికాలో అయోవా వైపు దొరికేవి ఆ రకం. 1967లో ఆ రాష్ట్రం జియోడ్‌నే తమ రాష్ట్ర శిలగా ప్రకటించుకుంది.

మన దేశంలో ఈ రాళ్లకు పుట్టిల్లు దక్కన్ లావా నేల. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారి గట్టిపడిన ఆ నల్లరాయి ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. పుణె, నాసిక్, జల్‌గావ్, ఔరంగాబాద్ వైపు బావి తవ్వినా, కంకర క్వారీ కొట్టినా ఇలాంటి గుల్ల రాళ్లు బయటపడతాయి. అక్కడి స్ఫటికాలను చూడాలంటే నాసిక్ దగ్గర సిన్నర్‌లో గర్గోటి మ్యూజియం ఉంది, పిల్లల్ని తీసుకుని షిర్డీ వెళ్లేవాళ్లు దారి మళ్లించుకుని చూడదగ్గది. మనవాళ్ల ఊళ్లు కూడా ఈ లావాకు దూరం కావు. ఆదిలాబాద్, వికారాబాద్, జహీరాబాద్ ప్రాంతాల్లో నల్లరేగడి కింద ఉన్నది చాలాచోట్ల ఈ రాయే. రాజమండ్రి దగ్గర కాటేరులో, గోదావరికి అవతల పంగిడి క్వారీల్లో కొడుతున్నదీ ఆ లావానే. గోదావరి ఇసుకలో చారల చారల అగేటు గులకరాళ్లు దొరకడానికి కారణం ఆ నది అంత దూరం ఆ నేల మీదుగా పారి రావడమే. కాబట్టి సెలవులకు ఆ వైపు ఊళ్లకు వెళ్లిన పిల్లలు చేలో గరుకుగా, బొడిపెలు బొడిపెలుగా ఉన్న గుండ్రాయి తెస్తే ఆశ పెట్టుకోవచ్చు.

బెంగళూరు నేల సంగతి వేరు. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ కట్టించిన గోపురం కింద ఉన్న బండను మనమందరం ఎక్కాం, దాని మీద కూర్చుని వేరుశనక్కాయలు తిన్నాం. ఆ బండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. దాన్ని 1975లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది, పక్కనే బోర్డు కూడా ఉంది. దాన్ని ద్వీపకల్ప నైస్ శిల అంటారు, నైస్ అంటే వేడికీ ఒత్తిడికీ మారిపోయిన చారల రాయి. బెంగళూరు కింద చాలావరకు ఉన్నది అదే, రామనగర వైపు వెళ్తే గ్రానైట్ గుట్టలు. ఈ రెండూ భూమి లోపల, కిలోమీటర్ల లోతున, విపరీతమైన ఒత్తిడిలో తయారైనవి. లావాలో మాదిరి వాయువులు బుడగలు కట్టే వీలు అక్కడ లేదు. బుడగ లేనిచోట జియోడ్ ఎక్కడి నుంచి వస్తుంది? చందాపుర, అత్తిబెలె, సర్జాపుర మట్టిలో ఏరిన గుండ్రాయి జియోడ్ కావడం దాదాపు జరగని పని అని నేను ధైర్యంగా చెప్పేది ఇందుకే.

ఇక్కడ రెండు మినహాయింపులు చెప్పాలి. గ్రానైట్‌లో అక్కడక్కడా పలుగు నరాలు పోతుంటాయి. ఆ నరాల్లో చిన్న చిన్న సందులు మిగిలి, వాటి గోడలకు మొనదేలిన స్ఫటికాలు పట్టి ఉంటాయి. మా యార్డులో అలాంటి చిల్లు ఉన్న స్లాబు వస్తే కిచెన్ ప్లాట్‌ఫారానికి పనికిరాదని రిజెక్ట్ చేస్తాం. నాకు మాత్రం వాటిని పక్కన పెట్టించి చూసుకోవడం ఇష్టం. అవి నిజమైన స్ఫటికాలే, కానీ జియోడ్ కాదు. జియోడ్‌కు దాని పెంకు దానికి వేరుగా ఉంటుంది, చుట్టూ ఉన్న రాయి నుంచి కాయ మాదిరి ఊడి వస్తుంది. ఈ సందుకు పెంకు లేదు, బండలో భాగం. ఇక రెండోది, లారీ ఎక్కి వచ్చిన రాయి. అపార్ట్‌మెంట్ గార్డెన్లలో, లిఫ్టు దగ్గర కుండీల్లో పోసే గులకరాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. వాటిలో అగేటు ముక్కలు ఉండొచ్చు. అందుకే పిల్లల్ని ఎక్కడ దొరికిందని అడిగి ఊరుకోకండి. మట్టిలో నుంచి తీశావా, పోసిన కుప్పలో నుంచి తీశావా అని కూడా అడగండి.

మరి ఈ పునాది గుంతల్లో ఇన్ని గుండ్రాళ్లు ఎందుకు దొరుకుతున్నాయి? మా పక్క బ్లాకులో హిందూపురం వాళ్ల పిల్లాడు ఆరో క్లాసు చదువుతున్నాడు. రెండు చేతులతో మోసుకుంటూ ఒక రాయి తెచ్చాడు. "ఆంటీ, ఇది పక్కా జియోడ్. చూడండి, పైన పెంకు కూడా ఊడుతోంది" అన్నాడు. వాడు చూసింది నిజమే. ఆ రాయి మీద గోధుమరంగు పొరలు ఉల్లిపాయ పొరల్లా ఒకదాని కింద ఒకటి లేస్తున్నాయి. సుత్తి కోసం వాళ్ల నాన్నను పంపించాడట. నేను ఆపి, ముందు తూచాం.

అది డోలరైట్, మా యార్డు భాషలో బ్లాక్ గ్రానైట్. బెంగళూరు చుట్టూ నైస్ శిలను చీల్చుకుని పైకి వచ్చి గోడల్లా గడ్డకట్టిన ఈ నల్లరాతి బారులు చాలా ఉన్నాయి. వాటిని డైకులు అంటారు, వాటిలో పెద్దవాటి వయసు సుమారు 237 కోట్ల ఏళ్లు. "మరి ఇంత గుండ్రంగా ఎలా అయింది? దీన్ని నది దొర్లించలేదు కదా" అని పిల్లాడు అడిగాడు. ఎంత మంచి ప్రశ్నో చూడండి. ఆ నల్లరాయి చల్లారినప్పుడు అడ్డంగా, నిలువుగా పగుళ్లు వచ్చి దిమ్మెలు దిమ్మెలుగా విడిపోతుంది. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగుతాయి. దిమ్మె ముఖానికి నీళ్లు ఒకవైపు నుంచే తగులుతాయి. అంచుకు రెండు వైపుల నుంచి, మూలకు మూడు వైపుల నుంచి తగులుతాయి. కాబట్టి మూలలు ముందు కుళ్లిపోతాయి, తర్వాత అంచులు. చదరంగా ఉన్న దిమ్మె నేలలో ఉన్నచోటే ఉండి గుండ్రంగా మారుతుంది. పై పొరలు తుప్పురంగు మట్టిగా లేచిపోతుంటే మధ్యలో గట్టి నల్లటి గుండు మిగులుతుంది. జేసీబీ తవ్వితే బయటపడేది ఆ గుండు. ఇక్కడి పిల్లలు జియోడ్ అనుకుని బద్దలు కొడుతున్నవాటిలో ఎక్కువ భాగం ఇవే. ఎంత కొట్టినా లోపల నలుపు తప్ప ఏమీ ఉండదు. పిల్లాడు నిరాశ పడతాడని భయపడ్డాను, పడలేదు. ఆ రాయి వయసు విన్నాక సుత్తి మాట మళ్లీ ఎత్తలేదు. దాని మీద "డోలరైట్, చందాపుర, పునాది గుంత" అని చీటీ అంటించి పుస్తకాల అరలో పెట్టుకున్నాడు.

తూచే పద్ధతి వివరంగా చెప్తాను, ఇది ప్రతి ఇంట్లోనూ చేసుకోగలిగింది. వంటింట్లో వాడే డిజిటల్ స్కేలు చాలు. ముందు రాయిని శుభ్రంగా కడిగి, ఆరబెట్టి తూచి, ఆ గ్రాములు రాసుకోండి. తర్వాత ఒక గిన్నెలో రాయి మునిగేంత నీళ్లు పోసి స్కేలు మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. రాయికి దారం కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. గిన్నె అడుగుకు కానీ పక్కలకు కానీ తగలకూడదు, దారం మీ చేతిలోనే ఉండాలి. అప్పుడు స్కేలు చూపించే గ్రాములే ఆ రాయి ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. మొదటి అంకెను రెండో అంకెతో భాగించండి. పలుగురాయికి 2.65 వస్తుంది. గ్రానైట్, నైస్ కూడా దాదాపు అంతే, 2.6 నుంచి 2.7. డోలరైట్‌కు 3 దగ్గరగా వస్తుంది. ఆ పిల్లాడి రాయి 540 గ్రాములు, నీళ్లలో 180 చూపించింది, భాగిస్తే సరిగ్గా 3. ఆ లెక్క వాడి చేతే చేయించాను. 2.4 కంటే కిందికి వస్తే లోపల ఖాళీ ఉందేమోనని ఆలోచించాలి.

అయితే తేలికైన ప్రతి రాయీ జియోడ్ కాదు. ఎర్రటి మొరం రాయి, ఇటుక ముక్క, ఫ్యాక్టరీల్లో లోహం కరిగించాక పారేసిన చిట్టెం కూడా తేలికగా ఉంటాయి, ఎందుకంటే వాటి ఒళ్లంతా చిల్లులే. నీళ్లలో వేసిన వెంటనే సన్నటి బుడగలు వరుసగా పైకి వస్తుంటే అది చిల్లుల రాయి. అనుమానముంటే రాత్రంతా నానబెట్టి పైన తుడిచి మళ్లీ తూచండి, బాగా బరువు పెరిగితే నీళ్లు పీల్చిందన్నమాట. జియోడ్ పెంకు మామూలుగా అంతగా నీళ్లు పీల్చదు. ఇంకో సంగతి, పెంకు మందంగా ఉండి లోపల గోలీ అంత ఖాళీయే ఉంటే తూకంలో తేడా తెలియదు. కాబట్టి 2.6 వచ్చిందని రాయిని పారేయనక్కర్లేదు, దొరికిన నేల లావా నేలైతే దాచిపెట్టండి.

చిట్టెం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఇండస్ట్రియల్ ఏరియాల దగ్గర ఇళ్లు కట్టేచోట ఇది బాగా దొరుకుతుంది కాబట్టి. నల్లగానో, ఆకుపచ్చగానో గాజులాగా మెరుస్తుంది, లోపల గుండ్రటి చిల్లులు ఉంటాయి. ఆ చిల్లుల గోడలు నున్నగా ఉంటాయి, స్ఫటికాల మొనలు ఉండవు. కొన్ని ముక్కలకు అయస్కాంతం అంటుకుంటుంది. ఉల్కలు దొరికాయని సంబరపడి తెచ్చే రాళ్లలో కూడా ఇవి ఉంటాయి.

సున్నపు గడ్డల సంగతి తేలిగ్గా తేలిపోతుంది. తెల్లగా, బూడిదరంగుగా, అల్లం కొమ్ముల్లా వంకరటింకరగా ఉండే ఈ గడ్డలు మా రాయలసీమ చేలల్లో కొల్లలు, ఇటు కోలారు వైపు కూడా ఉన్నాయి. ఇనుప మేకుతో గీస్తే గీత పడుతుంది, గీసినచోట నిమ్మరసమో వెనిగరో చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది. అగేటు పెంకు మీద మేకు గీత పడదు, ఆ పెంకే గాజు సీసాను గీస్తుంది. కాకపోతే అన్ని జియోడ్లలోనూ పలుగే ఉండాలని లేదు. స్పెయిన్‌లో పుల్పీ అనే ఊరి పాత గనిలో 1999లో బయటపడిన జియోడ్ 8 మీటర్ల పొడవు, మనుషులు లోపలికి వెళ్లి నిలబడొచ్చు. అందులోని స్ఫటికాలు జిప్సం, గోటితో గీసినా గీత పడేంత మెత్తనివి.

ఇక చప్పుడు. గుండ్రాయిని అరచేతిలో వదులుగా పెట్టుకుని ఇంకో చిన్న రాయితో తట్టండి. గట్టి రాయి ఖంగుమంటుంది, లోపల ఖాళీ ఉన్నది డొల్లగా పలుకుతుంది. చీలిక ఉన్న గట్టి రాయి కూడా డొల్లగానే పలుకుతుంది కాబట్టి దీన్ని తూకంతో కలిపి చూడాలి కానీ విడిగా నమ్మకూడదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే కొన్నిసార్లు లోపల ఊడిన స్ఫటికం ముక్క గలగలమంటుంది. ఆ చప్పుడు వినిపిస్తే మాత్రం ఆ రాయిని జాగ్రత్తగా పెట్టుకోండి.

నిజమైన జియోడ్‌ను నేను చేతిలో పట్టుకున్నది మా యార్డులోనే. జల్‌గావ్ నుంచి వచ్చిన లారీ డ్రైవరు, వాళ్ల ఊళ్లో బావి తవ్వినచోట దొరికిందని ఒక గుండ్రాయి తెచ్చి ఇచ్చాడు. నారింజకాయంత ఉంది. పైన నున్నగా లేదు, చిన్న చిన్న బొడిపెలు. సందుల్లో ఇంకా లావా రాయి అంటుకుని ఉంది, దాని కింద పచ్చటి పూత ఉంది. ఆ పూత సెలడోనైట్ అనే ఖనిజమని, దక్కన్ లావా బుడగల గోడలకు ఇది తరచుగా ఉంటుందని తర్వాత తెలుసుకున్నాను. బరువు 610 గ్రాములు, నీళ్లలో 290 చూపించింది. 2.1. సున్నపు గడ్డ కాదు, నీళ్లు పీల్చలేదు, పెంకు గాజును గీసింది. అప్పుడు చెప్పాను, ఇది గుల్ల అని. మా కటింగ్ మేస్త్రి దాన్ని చెక్క దిమ్మెల మధ్య బిగించి, డైమండ్ బ్లేడు మీద నీళ్లు వదులుతూ నిదానంగా కోశాడు. పెంకు అర అంగుళం మందం. దాన్ని ఆనుకుని బూడిదరంగు, తెలుపు చారలు, ఆ చారల మీద ఉప్పు కల్లంత స్ఫటికాలు, అన్నీ మొనలు మధ్యకు పెట్టి. ఊదారంగు లేదు, తెల్లనివే. ఊదా రావాలంటే పలుగులో కొంచెం ఇనుము ఉండాలి, చుట్టూ ఉన్న రాళ్ల నుంచి వచ్చే సహజ రేడియేషన్ దానికి ఏళ్ల తరబడి తగలాలి. బ్లేడుకు నీళ్లు తగ్గినప్పుడు మేస్త్రి వెంటనే మోటారు ఆపేశాడు. ఆ మాట ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

ఆ వీడియోల్లో చాలామంది జియోడ్‌ను ఇంట్లో వాడే గ్రైండరుతో పొడిగా కోస్తారు. మూతికి గుడ్డ కూడా ఉండదు. దుమ్ము తెల్లగా లేస్తుంది, దాన్ని ఊదేసి స్ఫటికాలు చూపిస్తారు. ఆ దుమ్ము సిలికా. కంటికి కనిపించనంత సన్నటి రేణువులు ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి అక్కడే ఉండిపోతాయి, చుట్టూ కణజాలం గట్టిపడుతుంది. దాన్ని సిలికోసిస్ అంటారు. వచ్చాక నయం చేసే మందు లేదు. మా పెదనాన్న తాడిపత్రిలో పొడి కటింగ్ చేసిన రోజుల మనిషి. చివరి రోజుల్లో మంచం మీద నుంచి లేచి వాకిట్లోకి వచ్చేలోపు మూడుచోట్ల ఆగేవాడు. రాయి పనిలో కూలి కోసం ఆ దుమ్ము మింగినవాళ్లను చూసిన నాకు, సరదా కోసం పిల్లలు ఆ దుమ్ములో కూర్చోవడం చూస్తే ప్రాణం ఊరుకోదు. ఒక్కసారికి ఆ జబ్బు రాదు, నిజమే. కానీ అలవాటు మొదలయ్యేది ఒక్కసారితోనే. పొడిగా కోయకండి. కోయాల్సిందే అయితే నీళ్లున్న మిషన్ మీద, తెలిసినవాళ్ల చేత కోయించండి. సుత్తితో కొట్టడం కూడా అంతే. పలుగు పగిలితే గాజు మాదిరి పెచ్చులు లేస్తాయి, కంట్లో పడితే కన్నే పోతుంది. తప్పనిసరి అయితే రాయిని మందపాటి గోనెసంచిలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, పెద్దవాళ్లే కొట్టాలి. ఉలితో చుట్టూ గీత గీసుకుంటూ చిన్న దెబ్బలతో తిప్పుతూ కొడితే రాయి ఆ గీత వెంబడి విడిపోయే అవకాశం ఎక్కువ. సమ్మెటతో ఒక్క దెబ్బ వేస్తే స్ఫటికాలు కూడా పొడైపోతాయి.

కొనే రాళ్ల గురించి కూడా కొంచెం. మా అపార్ట్‌మెంట్‌లో ఒకావిడ గృహప్రవేశానికి ఒక షాపులో నీలిరంగు జియోడ్ చెక్క కొన్నారు. సహజమైన రంగని, ఇంట్లో పెడితే మంచిదని చెప్పి అమ్మారట. నెయిల్ పాలిష్ తీసే ద్రవంలో దూది ముంచి అంచున రుద్దితే దూది నీలమైంది. అగేటుకు రంగు వేయడం పాత విద్యే, రంగు వేశామని చెప్పి అమ్మితే తప్పు లేదు. చెప్పకపోవడమే మోసం. నెమలికంఠం నీలం, ముదురు గులాబీ, చిలకపచ్చ కనిపిస్తే అనుమానించండి. పగుళ్లలో రంగు చిక్కగా దిగి ఉందేమో చూడండి. దూదికి రంగు అంటకపోయినంత మాత్రాన అసలు రంగని కూడా కాదు, కొన్ని రంగులు ఊడవు. పసుపురంగు సిట్రిన్ పేరుతో అమ్మే జియోడ్లలో చాలావరకు ఊదారంగువాటిని కాల్చి రంగు మార్చినవి.

ఇక నేను అడగదలచుకున్న సాయం. పిల్లలకు ఒక రాయి దొరికితే ఈ నగరంలో దాన్ని ఎవరికి చూపించాలి? జియలాజికల్ సర్వే ఆఫీసు ఇక్కడ ఉంది, రేస్ కోర్స్ రోడ్డులో ఖనిజ భవన్ ఉంది, జియాలజీ చెప్పే కాలేజీలు ఉన్నాయి. ఆరో క్లాసు పిల్లాడు చేతిలో రాయి పట్టుకుని ఆ గేట్లలోకి వెళ్లలేడు. నెలకు ఒక్క ఆదివారం లాల్‌బాగ్ బండ దగ్గర ఒక బల్ల వేసి, ఇద్దరు జియాలజీ విద్యార్థులను కూర్చోబెడితే చాలు. ఒక స్కేలు, ఒక గిన్నె నీళ్లు, ఒక మేకు, ఒక భూతద్దం. తెలుగు, కన్నడ, తమిళం ఏది మాట్లాడే పిల్లలైనా వచ్చి చూపించుకుంటారు. ఆ బండ నుంచి మాత్రం ఎవరూ ముక్క తీయకూడదని అక్కడే నేర్పొచ్చు. ఈ మాట మీ పత్రిక రాస్తే కాలేజీలవాళ్ల చెవిన పడుతుందని నా ఆశ.

అది జరిగేలోపు మీరు చేయగలిగింది ఒకటుంది. బెంగళూరు ఎడిషన్ పిల్లల పేజీలో వారానికి ఒక రాయి ఫొటో వేయండి. పాఠకులు పంపితే, తెలిసినవాళ్ల చేత దాని గురించి నాలుగు లైన్లు రాయించండి. ఫొటో ఎలా తీయాలో కూడా దయచేసి అచ్చు వేయండి: పక్కన రూపాయి బిళ్ల పెట్టాలి, పొడిగా ఒకటి, తడిపి ఒకటి తీయాలి, ఇప్పటికే విరిగిన అంచు ఉంటే దగ్గర నుంచి తీయాలి. దొరికిన ఊరు, ఎంత లోతున దొరికింది, మట్టి ఏ రంగు, గాలిలో బరువు, నీళ్లలో అంకె. ఇవి ఉంటే రాయిని చూడకుండానే సగం చెప్పొచ్చు. మొదటి వారానికి మా పక్క బ్లాకు పిల్లాడి డోలరైట్ గుండు ఫొటో ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. వాళ్ల అమ్మానాన్నల అనుమతి తీసుకున్నాను. పేరు వేయొద్దన్నారు, ఊరు వేయొచ్చు.

ఇట్లు,
గ్రానైట్ యార్డు ఉద్యోగిని,
చందాపుర, బెంగళూరు